జబ్బు మనిషి దరఖాస్తు

సుగుణమ్మ పొయ్యిలో నిప్పు ఉంది. గడప అవతల నిలబడ్డ అన్నమ్మకు కణకణమంటూ కనిపిస్తూనే ఉంది. అయినా సుగుణమ్మ లేదంది.

"పొయ్యి ఇంక ముట్టియ్యలే చెల్లే," అంది, తోడికోడలి మొహం చూడకుండా, బాగానే ఉన్న చీపురు కట్టను విప్పి మళ్లీ కట్టుకుంటూ.

అన్నమ్మ చేతిలో పిడక ఉంది. పొద్దున్నే ఆ పిడక మీద రెండు నిప్పు కణికలు పెట్టించుకుని పోవడం, తన పొయ్యి ముందు రాజుకున్న రోజు తను ఇవ్వడం పన్నెండేళ్లుగా జరుగుతున్న పని. అగ్గిపెట్టె కొనే ఇల్లు ఆ వాడలో ఒక్కటీ లేదు. తోడికోడళ్లు జుట్లు పట్టుకున్న రోజున కూడా నిప్పు మాత్రం ఆగలేదు. అన్నమ్మ ఇంకో గడపకు పోయింది. అక్కడా లేదన్నారు. మూడో ఇంట్లో ఉన్న ముసలి కాటమ్మకు అబద్ధం ఆడే ఓపిక లేదు కాబట్టి ఉన్న మాట చెప్పింది.

"నిన్న మీరు ఇంటికి పోయినంక మీ బావ చెప్పిండు బిడ్డా. నీ ఇంటికి నిప్పు బంద్, నీళ్లు బంద్, మాట బంద్. ఎవలన్న ఇస్తే వాళ్లకు గూడ బంద్. నన్నేం జెయ్యమంటవ్?"

బావ అంటే జానయ్య. అన్నమ్మ మొగుడు మట్టయ్యకు తోడబుట్టిన అన్న, వాడకు కులపెద్ద, ఆదివారం ప్రార్థన నడిపించేవాడు కూడా ఆయనే. తమ్ముడి పొయ్యి ఆర్పడానికి పరాయివాళ్లు ఎవరూ అక్కర్లేకపోయింది.

నిన్నటి సంగతి అన్నమ్మ ఎదుటే జరిగింది. బుధవారం నాడు చివ్వెంల చావడికి కొత్త సర్కారు అధికారి వస్తున్నాడు, గడి దొర చేయించుకున్న వెట్టి మీద విచారణకు. ఆ విచారణ మట్టయ్య పెట్టిన దరఖాస్తు మీదనే. దసరా అప్పుడు, పోలీసు యాక్షన్ అయిన కొత్తలో, దొర ఊరొదిలి హైదరాబాదులో దాక్కున్న రోజుల్లో, మట్టయ్య ఒక్కడే గడి ముందు నిలబడి "ఇగ నీ జోళ్లు ఊకెనే కుట్టం" అని అరిచి, అటునుంచటే సూర్యాపేటకు నడిచిపోయి, వకీలు చేత దరఖాస్తు రాయించి వేలిముద్ర వేసి వచ్చాడు. వాడంతా అతన్ని భుజాల మీద ఎత్తుకుంది. ఇప్పుడు దొర కాంగ్రెసు తెల్ల టోపీ పెట్టుకుని తిరిగొచ్చాడు. టోపీ కొత్తదే గానీ దాని కింద తల పాతదే. అందుకే జానయ్య ప్రార్థన అయ్యాక తమ్ముణ్ణి నిలబెట్టి, "బుధారం నాడు ఏం చెప్తవో గీడ ఒకపారి చెప్పు" అన్నాడు.

మట్టయ్యకు లేచి నిలబడడానికే చాలాసేపు పట్టింది. నేల చూస్తూ అన్నాడు: "దొర తప్పేం లేదు. తప్పంత నాదే. నా పాపం వల్లనే మీ అందరికి చెరుపు."

అంతకు రెండు రోజుల ముందు గడి గుమాస్తా మంగయ్య మట్టయ్య వాకిట్లో నిలబడి ఉండగా పదిమంది చూశారు. ఆ రాకకూ ఈ మాటకూ ముడిపెట్టడానికి ఎంతసేపు? మట్టయ్య గడికి అమ్ముడుపోయాడన్నారు. మంగయ్య వచ్చింది చెప్పు ఉంగటం తెగిపోయి. అది కుట్టడం కూడా మట్టయ్య వల్ల కాలేదు. ఆ సంగతి చెబుతానంటే వినేవాళ్లు ఎవరు?

అన్నమ్మ పిడకను వాకిట్లో పడేసి ఇంట్లోకి వచ్చింది. మట్టయ్య గోడకు ఆనుకుని, తెల్లారకముందు ఎలా కూర్చున్నాడో అలాగే ఉన్నాడు. నెల రోజులుగా ఇంతే. కోడి కూయకముందే మెలకువ వస్తుంది, లేవడు. ముద్ద నోట్లో పెట్టుకుంటాడు, నమలడం మరిచిపోతాడు. పిలిస్తే మాట బయటికి రావడానికి ఇంత సేపు పడుతుంది. మనిషి సగానికి తగ్గాడు.

"నిప్పు దొరకలే. రాత్రి గటకుంది, తింటవా?" అంది.

అతను మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఆమె పెరట్లోకి పోయి సున్నం గుంత మీది తడక తీసింది. దున్నపోతు తోలు అందులో పడి పదకొండు రోజులైంది. ఎనిమిదో రోజున పైకి తీసి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క నీళ్లలో వేయాలి. ఆ లెక్క మట్టయ్యకు వేళ్ల చివర్లలో ఉండేది. గుంతలో చెయ్యి పెట్టి తోలు నొక్కి, "ఇయ్యాల వద్దు, రేపు మధ్యాన్నం" అనేవాడు. అన్నమ్మ నొక్కి చూసింది. వెంట్రుక దానంతట అదే ఊడి వేళ్లకు అంటుకుంది. తోలు బిగువు పోయి జావగా తగిలింది. ఇంకో రెండు రోజులు ఊరుకుంటే మోట బొక్కెనకు కాదు గదా, చెప్పు అడుగుకు కూడా పనికిరాదు. నీళ్లు పీల్చిన తోలు ఇద్దరు మగవాళ్ల బరువు. ఆమె కొంగు బిగించి, గుంత అంచుకు కాళ్లు తన్నిపెట్టి, మూరెడు మూరెడు చొప్పున లాగింది. సున్నం నీళ్లకు చేతుల మీది పగుళ్లు భగ్గుమన్నాయి. దుంగ మీద పరిచి గీకుతూ ఉంటే ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే గీకింది.

పొద్దెక్కాక కాపు వీరయ్య చిరిగిన మోట బొక్కెన భుజాన వేసుకుని వచ్చాడు. బందు ఆయనకు వర్తించదు. ఆయన కులమూ వేరు, వాడా వేరు.

"తొండం కాడ పిగిలింది. నీళ్లు సగం బాయిలనే పడుతున్నయ్. యాసంగి మడి ఎండుతంది మట్టయ్యా, జల్ది అతుకెయ్యి."

మట్టయ్య కళ్లెత్తి చూసి మళ్లీ దించాడు.

"ఏంరా, పలుకవ్? దసరప్పుడు మూడు బొక్కెనలు ఒక్కనివే కుట్టి కోదాడ దాక నెత్తి మీద మోసుకపోతివి గద. గిప్పుడు ఒక్క అతుకుకు గింత బలుపా?"

మూడు బొక్కెనల సంగతి నిజమే. ఆ మూడూ కుట్టిన ఎనిమిది రోజులూ అతను కన్ను మూయలేదని వీరయ్యకు తెలియదు. పాటలు పాడుతూ కుట్టాడు, మాట మీద మాట పడుతుండగా కుట్టాడు. కోదాడ నుంచి వస్తూ దారిలో కలిసిన గేమ్యా అనే లంబాడాయనకు, ఎవరో ఏమిటో తెలియకుండానే, బొక్కెనల మీద వచ్చిందంతా ఇచ్చేసి నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. వాడంతా మట్టయ్య ధైర్యం అని మురిసింది. భయపడింది అన్నమ్మ ఒక్కతే. ఎందుకు భయమో ఆమెకూ తెలియలేదు.

ఆమె తోలు ముక్క, ఆరె, దారం తెచ్చి మొగుడి ముందు పెట్టి, ఆరెను చేతిలో ఉంచి వేళ్లు మూసింది. మట్టయ్య ఒక రంధ్రం పొడిచాడు. దారం కొసను తడిచేసి రంధ్రం దగ్గరికి తెచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. దారం పట్టుకున్న చెయ్యి అలాగే గాలిలో ఉంది. కాసేపటికి కళ్ల నుంచి నీళ్లు కారాయి.

"చేతులు నావి గావే," అన్నాడు.

వీరయ్య గడ్డం గోక్కుని, "రేపు నేను సూర్యాపేటకు బండి కడుతున్న. ఇయ్యాల పొద్దుగూకే వరకు అయితే చాలు" అని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అన్నమ్మ చెరువు నుంచి నీళ్లు తెచ్చుకుని వచ్చేసరికి ఇంట్లో మట్టయ్య లేడు. చేదబావి వాడ మధ్యలోనే ఉంది, కానీ ఆమెకు బందు. చెరువు దూరం, అందుకే ఆలస్యమైంది. ఇంటి చుట్టూ చూసి, పేరు పెట్టి పిలిచి, మోట బావి వైపు పరుగెత్తింది. మట్టయ్య బావి ఒడ్డున, ఎడ్లు వెనక్కి నడిచే వాలు చివర నిలబడి లోపలికి చూస్తున్నాడు. ఆమె వెనక నుంచి వెళ్లి మణికట్టు పట్టుకుంది. అతను విదిలించుకోలేదు.

"నీకు బరువు తప్పుతది," అన్నాడు మెల్లగా. మంచి చెబుతున్నట్టే అన్నాడు.

అన్నమ్మ అతన్ని ఒడ్డు నుంచి వెనక్కి లాగింది. ఇల్లు చేరేదాకా ఆ మణికట్టు వదల్లేదు. ఈ మనిషిని ఒక్క గడియ ఒంటరిగా వదిలితే దక్కడని ఆమెకు తెలిసిపోయింది. కాపలాకు ఉన్నది తనొక్కతే. తను నీళ్లకు పోవాలి, నిప్పుకు పోవాలి, చెక్కకు పోవాలి. ఇంతకుముందైతే "జర చూస్తుండు అక్కా" అంటే పది గడపలు ఉండేవి.

తోలు కోసే రంపె, తాళ్లు తీసి వీరయ్య కొట్టంలో పెట్టించింది. ఆ సాయంత్రం బొక్కెనకు అతుకు తనే వేసింది. ఆడది మోట బొక్కెన కుట్టడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. కుట్లు వంకరగా వచ్చాయి, కానీ బిగువుగా వచ్చాయి. వీరయ్య అతుకును వెలుతురుకు పట్టి చూసి, ఎవరు కుట్టారని అడగకుండా, "పొద్దున మీ ఇద్దర్ని బండిల ఎక్కించుకుంట" అన్నాడు.

సూర్యాపేటలో మిషన్ వాళ్ల చిన్న దవాఖాన వసారా నిండా జనం ఉన్నారు. లోపల తెల్ల డాక్టరమ్మ, ఆమె పక్కన నర్సు శాంతకుమారి. నర్సు పుట్టింది మిర్యాలగూడలో, మెట్టింది కోదాడలో. మాట ఆంధ్ర వైపు మొగ్గి ఉంటుంది. డాక్టరమ్మ తెలుగు సగంలో ఆగిపోతే మిగతా సగం ఆమె అందిస్తుంది.

కళ్ల రెప్పలు తిప్పి చూశారు. నాలుక చూశారు. బరువు తూచారు. పొద్దున ఎన్ని గంటలకు మెలకువ వస్తుంది, పొద్దున ఎక్కువ బాధగా ఉంటుందా సాయంత్రమా, అని అడిగారు. దయ్యం సంగతి గానీ చేతబడి సంగతి గానీ ఎవరూ ఎత్తకపోవడం అన్నమ్మకు వింతగా తోచింది. చివరికి డాక్టరమ్మ మట్టయ్య ముందు బల్ల మీద కూర్చుని సూటిగా అడిగింది.

"చచ్చిపోవాలని అనిపిస్తున్నదా?"

ఆ మాట నోటితో ఎలా అడుగుతారనుకుంది అన్నమ్మ. మట్టయ్య తల ఊపాడు. ఆ తల ఊపడంతోనే భుజాలు కిందికి దిగాయి, మూట దింపుకున్నట్టు.

శాంతకుమారి అన్నమ్మను పక్కకు తీసుకెళ్లింది. "అడిగితే ఆ ఆలోచన పుట్టదమ్మా. లోపల ఉన్నది బయటికొస్తుంది, అంతే. ఇంతకుముందు ఎప్పుడైనా దీనికి పూర్తి వ్యతిరేకంగా ఉన్నాడా? నిద్ర లేకుండా, హుషారుగా, చేతిలో ఉన్నదంతా పంచేస్తూ?"

అన్నమ్మ ఆమె మొహం వంక చూస్తూ ఉండిపోయింది. "నీకెట్ల తెలుసమ్మా?"

"ఈ జబ్బు అట్లాగే ఉంటుంది. వాళ్ల ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"వాళ్లమ్మ తమ్ముడు మల్సూర్. కొన్ని దినాలు ఊరూరు పాటలు పాడుకుంట తిరిగేటోడు. మళ్ల ఆర్నెల్లు గోడ దిక్కు మొఖం పెట్టి పండేటోడు. దయ్యమని వేపమండలతోని కొట్టిన్రు. ఒకనాడు ఇంట్ల నుంచి పోయిండు, మళ్ల రాలే."

"మా నాన్నకూ ఇదే," అంది శాంతకుమారి. "మిర్యాలగూడలో పంతులు. మేమూ చాలా ఏళ్లు తిట్టాం. చూడు, చలిజ్వరం వస్తుంది కదా. వణుకూ దానిదే, ఆ తర్వాత ఒళ్లు కాలడమూ దానిదే. రెండూ ఒక్క జ్వరమే. నీ ఆయన దసరాకు ఎగిరిందీ ఇదే, ఇప్పుడు కుంగిందీ ఇదే. రక్తంలో కొంత వస్తుంది, నిద్ర చెడితే, దిగులు పడితే రేగుతుంది. ఆయన చేసిన పాపమూ కాదు, ఒళ్లు బలిసీ కాదు. నా వల్లే అందరూ చెడ్డారు అంటున్నాడా?"

"గదే మాట."

"ఆ మాట జబ్బుదమ్మా. ఆయనది కాదు."

మందు సీసా ఇచ్చారు. సీసాకు అంటించిన కాగితం పట్టీకి గంట్లు కోసి ఉన్నాయి, గంటుకు ఒక మోతాదు. అది నిద్రకు మాత్రమేనంది శాంతకుమారి. పట్నాల్లో పెద్ద దవాఖానల్లో తలకు కరెంటు పెట్టి ఏదో వైద్యం చేస్తున్నారని, కొందరికి నయమవుతోందని, ఇక్కడ అది లేదని చెప్పింది. రెండు నెలలు పట్టవచ్చు, ఆరు పట్టవచ్చు, దానంతట అది దిగుతుంది. మళ్లీ ఎప్పుడైనా నిద్ర తగ్గి పాటలు మొదలైతే ఆ రోజే తీసుకురావాలి.

"దిగేదాకా మనిషిని నిలుపుకోవడమే అసలు వైద్యం. సీసా ఆయన చేతికివ్వకు. ఒక్క ఘడియ ఒంటరిగా వదలకు. నువ్వొక్కదానివే అయితే నువ్వూ పడిపోతావు. పదిమందిని తోడు పెట్టుకో."

పదిమంది! అన్నమ్మకు నవ్వొచ్చింది. నిప్పు ఇవ్వని పదిమందిని ఎక్కడి నుంచి తోడు తేవాలి?

బండ్ల అడ్డ దగ్గర వీరయ్య కోసం చూస్తుంటే మంగయ్య ఎదురయ్యాడు. దవాఖాన గేటు దగ్గర నుంచే వెంట వచ్చినట్టున్నాడు. సీసా వంక, మట్టయ్య వంక చూసి జాలిగా నాలుక చప్పరించాడు.

"పాపం, ఎంత మంచి పనోడు! అన్నమ్మా, రేపు అధికారి అడిగితే ఉన్న ముచ్చటే చెప్పు. అబద్ధం చెప్పుమంటలేను. దరఖాస్తు పెట్టిననాడు గూడ ఈయనకు దిమాగ్ సక్కగ లేదు, గంతే. కేసు ఖతం. దొర తన బండిల ఈయన్ని హైదరాబాదు పెద్ద దవాఖానకు తోలిస్తడు. కిరాయి లేదు, ఏం లేదు. నీ మొగుడు బతుకుతడు."

అన్నమ్మ సీసాను కొంగులో మూటకట్టింది. అబద్ధం చెప్పమంటే ఉమ్మేసి పోయేది. ఇతను చెప్పమంటున్నది గడియ కింద నర్సు చెప్పిన నిజమే.

ఊరు చేరేసరికి ఇంకా పొద్దు ఉంది. మట్టయ్యను చెయ్యి పట్టుకుని తీసుకుని నేరుగా జానయ్య వాకిట్లోకి పోయింది. సుగుణమ్మ లోపలికి తప్పుకుంది. జానయ్య నులక మంచం మీద నుంచి లేచాడు.

"బందు పెట్టిన ఇంటోళ్లు గీడికి రావద్దు."

"పోత బావా. ఒక్క మాట విని పోత." చలిజ్వరం మాట చెప్పింది. వణుకు, కాక రెండూ ఒక్క జ్వరమేనని చెప్పింది. మోట బావి దగ్గర సంగతి చెప్పింది. "దొరకు అమ్ముడుపోలే బావా. మీ మేనమామ మల్సూర్ లెక్క అయ్యిండు. నీ చేతుల పెరిగినోడు. దినానికి ఒక్కలు వచ్చి కూసుంటె చాలు."

జానయ్య తమ్ముడి వంక చూశాడు. మల్సూర్ పేరు వినగానే మొహంలో ఏదో కదిలింది. వేపమండలు పట్టుకున్నవాళ్లలో తనూ ఒకడు. కానీ మరుక్షణమే మొహం గట్టిపడింది.

"అంటె దసరప్పుడు మాట్లాడింది గూడ పిచ్చేనా?"

అన్నమ్మ మొగుడి చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"గా మాట రేపు బయటపడితె దరఖాస్తు గంగల కలుస్తది. పిచ్చోడు పెట్టిన కాయిదమంటరు. మళ్ల మన పిల్లలు గడిల పేడ ఎత్తాలె. అమ్ముడుపోయిండంటె ఒక్కడు చెడ్డట్టు. పిచ్చోడంటె అందరం చెడ్డట్టు. నోరు మూస్కోని ఉండు అన్నమ్మ. బుధారం ఎల్లినంక బందు సంగతి చూద్దాం."

"బుధారం దాక ఉంటడో ఉండడో బావా!"

జానయ్య లోపలికి పోయాడు. అన్నకు తమ్ముడి మీద కోపం కన్నా గడి భయం పెద్దది. అదీ తెలుస్తూనే ఉంది అన్నమ్మకు.

బుధవారం పొద్దున మట్టయ్యను ఇంట్లో వదిలే దారి లేక వెంట నడిపించుకుపోయింది. చివ్వెంల చావడి ముందు వేసిన బల్ల వెనక అధికారి కూర్చున్నాడు, కళ్లజోడు పెట్టుకున్న నడివయసు మనిషి. పక్కన ఇద్దరు గుమాస్తాలు. ఒక వైపు వాడ జనం, ఒక వైపు మంగయ్య, గడి మనుషులు. దొర రాలేదు. రావలసిన అవసరం ఆయనకు ఎన్నడూ పడలేదు. మట్టయ్య చావడి మెట్టు మీద మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్నాడు. అతని చుట్టూ ఇంత ఖాళీ వదిలి జనం నిలబడ్డారు.

అధికారి పేరు పిలిచాడు. మట్టయ్య లేవలేదు. రెండోసారి పిలిచేసరికి మంగయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"హుజూర్, ఆయనకు దిమాగ్ మంచిగ లేదు. దరఖాస్తు పెట్టిననాడు గూడ లేదు. నిన్ననే మిషన్ దవాఖానల మందు తెచ్చుకున్నడు."

"అబద్ధం!" జానయ్య జనంలోంచి అరిచాడు. "మా తమ్మునికి ఏ జబ్బు లేదు! రాయి లెక్క ఉన్నడు!"

మూడు రోజులుగా తమ్ముడని ఒప్పుకోని నోటికి ఇప్పుడు తమ్ముడు గుర్తొచ్చాడు. అధికారి కళ్లజోడు సర్దుకుని మట్టయ్య వైపు చూశాడు. రాయిలా ఉన్న మాట నిజమే. కదలడం లేదు.

"ఇతని ఇల్లాలు ఎవరు?"

అన్నమ్మ ముందుకు వచ్చింది. కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. సున్నానికి పగిలిన చేతులు దాచుకుందామంటే దాగలేదు.

"అమ్మా, నిజం చెప్పు. ఈ దరఖాస్తు పెట్టిన రోజున నీ భర్త మనసు సరిగా ఉందా?"

ఒక పక్క మంగయ్య ధైర్యం చెబుతున్నట్టు తల ఊపుతున్నాడు. ఇంకో పక్క జానయ్య కళ్లతోనే వద్దంటున్నాడు. ఉన్నది అంటే ఆదివారం నాటి మాటకు మట్టయ్య ద్రోహి. లేదు అంటే దరఖాస్తు చిత్తు కాగితం. ఎటు చెప్పినా ఎవరో ఒకరు మునుగుతారు. అన్నమ్మ మెట్టు మీది మనిషి వంక చూసింది. అతని మెడ ఎంత సన్నబడిపోయింది!

"లేకుండె అయ్యా," అంది. "జబ్బుతోనే ఉండె. గిప్పుడు ఉన్నది ఆ జబ్బే."

జనంలో గుసగుస లేచింది. సుగుణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మంగయ్య మీసం కింద నవ్వాడు. అధికారి దరఖాస్తు మీద కలం ఆనించాడు. "అయితే ఇందులో రాసిన విషయాలు..."

"రాసింది నిజం."

కలం ఆగింది.

"జబ్బు ఆయనకు భయం లేకుంట జేసింది అయ్యా. అబద్ధం ఆడేటట్టు జెయ్యలే. మంచిగున్నన్నాళ్లు ఆయన గూడ మా లెక్కనే నోరు మూస్కోని జోళ్లు కుట్టిండు. జబ్బు పడ్డంక నోరు లేసింది. మేమంత మంచిగనే ఉంటిమి గద. మాకేం జబ్బు లేకుండె. మరి మేమెందుకు చెప్పలేదో గది అడుగుర్రి మమ్మల్ని!"

ఆమె బల్ల ముందుకు ఇంకో అడుగు వేసింది.

"ఆయన కాయిదం జబ్బు మనిషిదైతే పక్కకు పెట్టుర్రి. నాకు జబ్బు లేదు. నాది రాస్కోర్రి. ఏటా ఆరు జతల జోళ్లు, రెండు బొక్కెనలు గడికి ఊకెనే. నేను తోలు గీకిన. పురుడైన మూడోనాడు వచ్చి లేపుకపోయిన్రు గడి కొట్టం ఊడ్వమని. సలికాలం. ఆ పిల్ల బతకలే."

మంగయ్య నవ్వు ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. "హుజూర్, గివన్ని పాత..." అని మొదలుపెట్టాడు. అధికారి చెయ్యెత్తి ఆపి, పాత కాగితం కింద పెట్టి కొత్త కాగితం తీసుకున్నాడు.

"పేరు?"

"అన్నమ్మ."

రాయడం అయ్యాక ఆమె బొటనవేలుకు సిరా రాశారు. పగుళ్లలోకి సిరా దిగి ముద్ర చెదిరిపోతే రెండోసారి వేయించారు. ఆమె పక్కకు జరిగింది. ఆ తర్వాత చాలాసేపు ఎవరూ రాలేదు. అధికారి గుమాస్తా కాగితాలు సర్దడం కూడా మొదలుపెట్టాడు.

ముసలి కాటమ్మ కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చింది. "నాకు గూడ జబ్బు లేదు బిడ్డా. కండ్లే కనబడవు. రాస్కో."

ఆమె వెనక ఇంకొకరు వచ్చారు. ఆ వెనక ఇంకొకరు. మధ్యాహ్నానికి అధికారి దగ్గర తొమ్మిది కాగితాలు చేరాయి. అందరికన్నా ఆఖరున జానయ్య వచ్చాడు. కులపెద్ద ఆఖరున రావడం ఆ వాడలో అదే మొదలు. పేరు గుమాస్తాకు వినబడక రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆ కాగితాల వల్ల దొరకు ఏమవుతుందో ఆ రోజు ఎవరికీ తెలియదు. ఏమీ కాకపోవచ్చు కూడా. అధికారి జీపెక్కి సూర్యాపేటకు వెళ్లిపోయాడు. మంగయ్య ఎవరితోనూ మాట్లాడకుండా గడి వైపు పోయాడు.

సాయంత్రం అన్నమ్మ మట్టయ్యను గోడ దగ్గర కూర్చోబెట్టి సీసా మీద గంటు చూసి మందు పోసింది. తాగాడు. బయట అడుగుల చప్పుడైంది. జానయ్య వచ్చాడు. చంకలో తన చెప్పుల పని, ఆరె, దారం ఉన్నాయి. మరదలి ముందు తప్పు ఒప్పుకునే అలవాటు లేని మగవాడు. తమ్ముడికి ఎదురుగా కింద కూర్చుని పని ముందేసుకున్నాడు.

"నువ్వు నీళ్లకు పోయి రాపో," అన్నాడు తల ఎత్తకుండా. "చేదబాయికే పో. మీ అక్క గాడనే ఉన్నది. నేను గీడ ఉంట. రేపు పక్కింటి పాపయ్య వస్తడు."

అన్నమ్మ కుండ తీసుకుంది గానీ వెంటనే పోలేకపోయింది. గడపలో నిలబడింది. జానయ్య కుట్టు మొదలుపెట్టాడు. అప్పుడు మట్టయ్య అడిగాడు. ఆ రోజంతటిలో అతని నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే.

"ఏం చెప్పినవే గాడ?"

"నీకు జబ్బని చెప్పిన."

మట్టయ్య తల ఎత్తాడు. "జబ్బా?"

"ఊఁ."

"పాపం గాదా?"

క్రిస్మస్ నాడు అందరి ముందు, "విశ్వాసం తక్కువైంది, చేసిన పాపం ఒప్పుకో" అని తమ్ముణ్ణి మోకాళ్ల మీద నిలబెట్టింది జానయ్యే. ఇప్పుడు జానయ్య చేతిలో ఆరె ఆగిపోయింది. దాన్ని కింద పెట్టాడు.

"గాదు తమ్మీ," అన్నాడు. "నువ్వు చెయ్యలే. నీ బాధ చూసుకుంట గూడ మేం చేసినం."

మట్టయ్య నమ్మినట్టు కనిపించలేదు. మళ్లీ అదే అడిగాడు. జానయ్య మళ్లీ చెప్పాడు. అన్నమ్మ కుండ చంకన పెట్టుకుని బయటికి నడిచింది. ఆమె నీళ్లు తోడుకుని తిరిగొచ్చేలోగా మట్టయ్య ఇంకో నాలుగుసార్లు అడిగాడు, నాలుగుసార్లూ జానయ్య విసుక్కోకుండా అదే జవాబు చెప్పాడు.